మీటింగ్‌లో అందరూ తలూపారు, పని మాత్రం కదలట్లేదు: జపాన్ ఆఫీసుల్లో చేసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు (టోక్యో)

అందరికీ నమస్కారం. కిందటేడాది టోక్యో వచ్చాను. ఒక జపనీస్ కంపెనీ ఐటీ విభాగంలో ఉద్యోగం. అంతకుముందు హైదరాబాద్‌లో అమెరికన్ క్లయింట్లతో పనిచేశాను. ఎన్2 (జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో స్థాయి) పాసయ్యాను, మీటింగుల్లో మాటలు అర్థమవుతాయి. కాబట్టి ఇది భాషతో వచ్చిన ఇబ్బంది కాదనే అనుకుంటున్నా.

మా దగ్గర నెలాఖరు రిపోర్టు ఇప్పటికీ ఎక్సెల్‌లో చేత్తో కలుపుతారు. ఏడెనిమిది ఫైళ్లు తెరిచి, కాపీ కొట్టి, మళ్లీ సరిచూసి... చూడలేక ఒక చిన్న టూల్ రాశాను. వారపు మీటింగ్‌లో డెమో ఇచ్చాను, బాగానే నడిచింది. అందరూ "నారుహోదో, నారుహోదో" (అలాగా, అర్థమైంది) అంటూ తలూపారు. మా కచో (సెక్షన్ పెద్ద) "బాగుంది, పరిశీలిద్దాం" అన్నారు.

అంతే. తర్వాతి వారం ఎజెండాలో లేదు, ఆ పై వారమూ లేదు. అడిగితే "పరిశీలనలో ఉంది" అంటారు. పనికిరాదంటే ఆ ముక్క మొహం మీదే చెప్పొచ్చు కదా? హైదరాబాద్‌లో అయితే మేనేజర్ అక్కడికక్కడే ఊ అనో ఉహూ అనో తేల్చేసేవాడు. ఇక్కడ ఏం చేయాలో తోచట్లేదు. మళ్లీ అడగనా, వదిలేయనా?

నిషికసాయ్ నాని (టోక్యో)

వెల్‌కమ్ బ్రో. ఒకటే ప్రశ్న. మీటింగ్‌కి ముందు ఆ డెమో ఎవరికైనా చూపించావా?

గోదారిగట్టు

లేదన్నా. చూపించడానికే కదా మీటింగ్.

నిషికసాయ్ నాని

చిక్కు అక్కడే ఉంది.

ఇక్కడ చాలా కంపెనీల్లో నిర్ణయం మీటింగ్‌లో పుట్టదు. అప్పటికే అయిపోయిన నిర్ణయాన్ని అందరి ముందూ ఒకసారి పెట్టడానికి మీటింగ్. అసలు పని దానికి ముందు జరుగుతుంది, దాన్నే నెమవాషి అంటారు. ఎవరెవరికి ఈ విషయంతో సంబంధం ఉందో వాళ్లందరినీ విడివిడిగా కలవాలి. కాఫీ మెషీన్ దగ్గర కావచ్చు, లంచ్‌కి వెళ్తూ కావచ్చు, లేదా "ఐదు నిమిషాలు టైముందా" అని డెస్క్ దగ్గరికే వెళ్లొచ్చు. "ఇలా అనుకుంటున్నా, మీకేమైనా ఇబ్బందా?" అని అడగాలి. వాళ్లు ఏదో ఒకటి చెప్తారు, నువ్వు దాని ప్రకారం మార్చుకుంటావు, ఇంకొకరి దగ్గరికి వెళ్తావు. అందరూ "సరే" అన్నాక మీటింగ్‌లో పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

దాని తర్వాత రింగి. డబ్బు ఖర్చయ్యేదైనా, పద్ధతి మారేదైనా ఒక కాగితం తయారవుతుంది. అది కింది నుంచి పైకి వెళ్తుంది: కకరిచో (కచో కింది అధికారి), కచో, బుచో (విభాగం పెద్ద), అవసరమైతే డైరెక్టరు దాకా. ఒక్కొక్కరూ హాంకో (ముద్ర) వేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్‌లోనే క్లిక్ చేస్తారు కానీ దారి మాత్రం పాతదే.

నువ్వేం చేశావంటే, ఎవరికీ చెప్పకుండా అందరి ముందూ ఒక్కసారిగా పెట్టావు. వాళ్లకి నచ్చిందో లేదో కూడా చెప్పలేని ఇరకాటంలో పడ్డారు. బాగుందంటే పక్క సెక్షన్‌వాళ్లు ఏమంటారో తెలీదు. బాగాలేదంటే నీ పరువు పోతుంది. తలూపడమే మిగిలింది. అది "వింటున్నాను" అని చెప్పడం మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు.

కాకినాడ కాజా (కాకినాడ)

అయితే మీటింగ్ ఎందుకండీ, టీ తాగి పోడానికా 😀

నిషికసాయ్ నాని

టీ కూడా ఇవ్వరు బాబూ, ఎవరి సీసా వాళ్లదే.

పాతకాపు (రాజమండ్రి)

నాని గారు పద్ధతి బాగా చెప్పారు. ఎందుకలా అన్నది నేను కాస్త చెబుతాను. 1990లలో నాగోయా దగ్గర కారు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేసి వచ్చినవాణ్ణి. రిటైరయ్యాను, తీరిక ఎక్కువ, కాబట్టి కాస్త పొడుగవుతుంది.

పెద్ద జపాన్ కంపెనీ ఫలానా పని కోసమని మనిషిని తీసుకోదు. ముందు మనిషిని తీసుకుంటుంది, పని తర్వాత ఇస్తుంది. ఏటా ఏప్రిల్ 1న కాలేజీల నుంచి ఒక బ్యాచ్ మొత్తం ఒకేసారి చేరుతుంది, అందరూ అదే నల్ల సూటు. ఎవరిని అమ్మకాల్లో వేస్తారో, ఎవరిని ఫ్యాక్టరీకి పంపిస్తారో చేరాక గానీ తెలియదు. కొన్నేళ్లకోసారి శాఖ మారుస్తారు. మా సెక్షన్‌లో కొనుగోళ్లు చూసినాయన తర్వాత సిబ్బంది విభాగానికి వెళ్లాడు, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి. పెళ్లాం పిల్లల్ని ఉన్న ఊళ్లోనే వదిలి ఒంటరిగా వెళ్లాడు. అది వాళ్లకు మామూలే.

ఇప్పుడు ఆలోచించండి. "నీ పని ఇంతవరకు" అని ఎవరికీ గీత గీయలేదు. గీత లేనిచోట ఏ కొత్త ఆలోచన అయినా ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో ముందుగా తెలియాలంటే అందరినీ అడగాల్సిందే. పైగా ఆ అందరితోనూ ముప్పై ఏళ్లు కలిసి పనిచేయాలి. ఈ రోజు నువ్వు తోసేసి వెళ్లిన మనిషి, రేపు బదిలీ మీద నీ పై అధికారిగా రావచ్చు.

ఇంకోటి. 1997 నవంబరులో యమాయిచి సెక్యూరిటీస్ అనే పెద్ద షేర్ల వ్యాపార సంస్థ మూతపడినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వందేళ్ల కంపెనీ. దాని అధ్యక్షుడు టీవీ కెమెరాల ముందు ఏడుస్తూ, తప్పు మాది, ఉద్యోగులది కాదు అన్నాడు. మా క్యాంటీన్‌లో ఆ రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. తర్వాత ఏళ్ల తరబడి కొత్త నియామకాలు ఎండిపోయాయి. ఆ కాలాన్ని వాళ్లు ఉద్యోగాల మంచుయుగం అంటారు. బాబూ గోదారిగట్టూ, మీ కచోకి ఇప్పుడు యాభై దగ్గర వయసుంటే, ఆయన ఆ మంచుయుగంలో తిరిగి తిరిగి ఉద్యోగం సంపాదించుకున్న తరం. మార్కులు వేసేటప్పుడు చేసిన మంచికి కలపడం తక్కువ, జరిగిన పొరపాటుకి తీసేయడం ఎక్కువ అనే పద్ధతిలో పైకి వచ్చాడు. నీ టూల్ బాగా పనిచేస్తే ఆయనకు ఒరిగేది కొంచెం. ఒక్క నెల లెక్క తప్పితే తలొంచి క్షమాపణ చెప్పాల్సింది మాత్రం ఆయనే.

ఇప్పుడు ఫుజిత్సు, హిటాచీ లాంటి సంస్థలు 2020 తర్వాత పనినిబట్టి ఉద్యోగం అనే పద్ధతికి మారుతున్నాయి. అక్కడ కాస్త వేరుగా ఉండొచ్చు.

శ్రీసిటీ శీను (తడ)

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు. జపాన్ వెళ్లకపోయినా ఇది మాకు రోజూ ఉండేదే. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి, ఇసుజు, డైకిన్, కోబెల్కో... నేను వాటిల్లో ఏదీ కాదు, చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని.

లైన్ మీద ఒక రాక్ జరపాలన్నా మా జపాన్ సార్ ఒక్కడే సరే అనడు. మెయింటెనెన్స్‌ని పిలుస్తాడు, క్వాలిటీని పిలుస్తాడు, అక్కడ రోజూ నిలబడే ఆపరేటర్‌ని కూడా పిలుస్తాడు. గెంబాకి (పని జరిగే చోటికి) రా, అంటాడు. ఆఫీసులో కూర్చుని మాట్లాడటం ఆయనకు నచ్చదు. మొదట్లో మాకు చిరాకు. ఒక రాక్ కోసం ఇంతమందా! కానీ జరిపాక మళ్లీ మార్చాల్సిన పని రాదు. మనం మధ్యాహ్నం జరిపేస్తాం, సాయంత్రం ఫోర్క్‌లిఫ్ట్ తిరగట్లేదని మళ్లీ వెనక్కి జరుపుతాం. ఏది లేటో మీరే చెప్పండి.

వాళ్లకి మనతో వచ్చే తంటా ఏంటో కూడా చెప్పాలి. మనం "అయిపోతుంది సార్" అంటాం. ఆయన డైరీలో తేదీ రాసుకుంటాడు. మనకేమో అది ఒక మర్యాద మాట. ఆ తేదీకి అవ్వకపోతే మొహం మాడిపోతుంది. పని అవ్వనందుకు కాదు, అవ్వదని ముందుగా చెప్పనందుకు. హోరెన్సో అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు: రిపోర్టు చెయ్యి, సమాచారం ఇవ్వు, సలహా అడుగు. చెడ్డ వార్త అయితే ముందే చెప్పు. మాలో కొత్తగా చేరిన పిల్లలకి ఇది నేర్పడమే కష్టం. చెడ్డ వార్త చెప్తే తిడతారనే భయం మనకి చిన్నప్పట్నుంచీ ఉంది కదా.

ఒసాకా వదిన (ఒసాకా)

అందరూ చెప్పింది బాగుంది. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, చెప్పేస్తా.

మనవాళ్లు ఇక్కడ ఏం జరిగినా "అది వాళ్ల సంస్కృతి" అని దండం పెట్టేస్తారు. ప్రతి మౌనం వెనకా ఏదో లోతైన తాత్వికత ఉన్నట్టు. కొన్నిసార్లు ఏమీ ఉండదండీ. ఆ కచోకి ఎక్సెల్ తప్ప ఏమీ రాదు, అంతే. లేదా విదేశీయుడు, అందులోనూ జూనియర్, తనకంటే బాగా చేశాడని గుర్రు. ఇలాంటివాళ్లు విజయవాడలోనూ ఉంటారు, ఒసాకాలోనూ ఉంటారు.

నేను పాత కంపెనీలో ఉన్నప్పుడు అతిథులు వస్తే టీ పెట్టే పని ఆడవాళ్లదే. నేను ఇంజనీర్‌ని. "ఇక్కడి పద్ధతి" అన్నారు. అప్పుడూ ఇలాగే ఒక గ్రూపులో అడిగితే "ఓపిక పట్టండి, అలవాటవుతుంది" అని సలహా ఇచ్చారు మనవాళ్లే. నేను పట్టలేదు, కంపెనీ మారాను. ఇప్పుడున్నచోట టీ ఎవరిది వాళ్లే పోసుకుంటారు, ఇదీ జపాన్ కంపెనీయే!

చట్టం కూడా తెలుసుకోవాలి. పవర్ హరాస్‌మెంట్ నివారణ నియమాలు 2020 జూన్ నుంచి పెద్ద కంపెనీలకు, 2022 ఏప్రిల్ నుంచి చిన్నవాటికీ వర్తిస్తున్నాయి. తిట్టడం, కొట్టడం ఒక్కటే కాదు, మనిషిని కావాలని ఒంటరిని చేయడం, అర్హతకు తగిన పని ఇవ్వకపోవడం కూడా అందులోకి వస్తాయి. 2019 నుంచి ఓవర్‌టైమ్‌కి పరిమితి ఉంది, మామూలుగా నెలకి 45 గంటలు, ఏడాదికి 360. ఏడాదికి కనీసం 5 రోజుల జీతంతో కూడిన సెలవు వాడించాల్సిన బాధ్యత కంపెనీదే. గోదారిగట్టు గారి సంగతి అంతదాకా వచ్చిందని అనట్లేదు. ఏది ఆచారం, ఏది అన్యాయం అని విడదీసి చూడమంటున్నా.

పాతకాపు

అమ్మా, మీ మాట కాదనను. మా రోజుల్లో రాత్రి పదింటికి ఇంటికి బయల్దేరితే "ఇవాళ తొందరగా వెళ్తున్నావే" అనేవాళ్లు. దాన్ని సంస్కృతి అని నేనూ అనను. అతిపని చావులకి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు, 2014లో నివారణకి చట్టమూ చేసుకున్నారు. కానీ నెమవాషిని ఆ గాటన కట్టొద్దు.

ఒసాకా వదిన

కట్టట్లేదు బాబాయ్ గారూ. నెమవాషి నేనూ చేస్తా, పని జరుగుతుంది. జరగనప్పుడు ఎంతకాలం ఆగాలన్నదే నా ప్రశ్న.

వరంగల్ వాసు (యోకొహామా)

ఇందాకట్నుంచి చదువుతున్నా. అందరూ ఒకటి అడగడం మర్చిపోయారు. గోదారిగట్టు అన్నా, నువ్వు సెయిషైన్ (పర్మనెంటు) వా, లేకపోతే మాలెక్క ఎస్‌ఈఎస్ (ఇంజనీర్లని క్లయింటు దగ్గరికి పంపే కాంట్రాక్టు) మీద క్లయింటు ఆఫీసుల కూసుంటున్నావా?

ఎందుకు అడుగుతున్ననంటే, ఇండియా నుంచి వచ్చిన ఇంజనీర్లల్ల చాలామందిది ఇదే కథ. జీతమిచ్చేది ఒక కంపెనీ, కూసునేది ఇంకో కంపెనీల. హాకెన్ (మనిషిని వేరే కంపెనీకి పనికి పంపే పద్ధతి) అయితే క్లయింటు నేరుగా పని చెప్పొచ్చు, కానీ ఒకే విభాగంల మామూలుగా 3 ఏండ్లే. ఉకెఓయి (పని పూర్తి చేసి ఇచ్చే ఒప్పందం), జున్-ఇనిన్ (సేవ చేసిపెట్టే ఒప్పందం) లాంటి కాంట్రాక్టులైతే క్లయింటు మనకు నేరుగా పని చెప్పకూడదు, చట్టవిరుద్ధం. మన కంపెనీ లీడర్ ద్వారానే రావాలె. అట్లాంటప్పుడు క్లయింటు మీటింగ్‌ల నువ్వు లేచి "నా దగ్గర ఐడియా ఉంది" అంటే వాళ్లు నిజంగనే ఏం అనలేరు. సరే అంటే కాంట్రాక్టు లేని పని చేయించుకున్నట్టు అవుతది.

మా దగ్గర ఇంకో తమాషా. క్లయింటు ముంగట మా సొంత బాస్ పేరుకి "సాన్" తగిలించొద్దు. ఉత్త ఇంటిపేరే. ఫోన్ల "తనకా ఇప్పుడు సీట్ల లేడు" అనాలె. పక్కన ఆయనే కూసుని వింటుంటడు. ఇంట్ల నాన్న గురించి బయటోళ్లకి చెప్పినా మనకి "గారు" రాకుండ ఉండదు కదా, నోరు తిరిగేసరికి చానా రోజులు పట్టింది.

గోదారిగట్టు

పర్మనెంటే వాసు అన్నా, నేరుగా చేర్చుకున్నారు. అందరికీ థాంక్స్. ఒక్కో జవాబూ రెండుసార్లు చదివాను. ఈ వారం ఒక్కొక్కరిని కలుస్తా. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? కచో దగ్గరికేనా?

నిషికసాయ్ నాని

కాదు. ఆ ఎక్సెల్ చేత్తో చేసే మనిషి ఎవరు? ముందు వాళ్ల దగ్గరికి.

గోదారిగట్టు

యాభై దాటిన ఒక కాంట్రాక్టు ఉద్యోగిని. చాలా ఏళ్లుగా ఆ పని ఆవిడదే.

ఒసాకా వదిన

అయ్యో. ఆవిడ కూడా ఆ మీటింగ్‌లో కూర్చున్నారా?

గోదారిగట్టు

కూర్చున్నారు.

ఒసాకా వదిన

చూడు తమ్ముడూ, ఇంతకుముందు నేనన్న మాట వెనక్కి తీసుకోను గానీ, ఇక్కడ మాత్రం నాని గారి వైపే. ఆవిడ కాంట్రాక్టు ఏటేటా పొడిగించేదై ఉంటుంది. ఆవిడ చేసే పని అవసరం లేదని అందరి ముందూ తెర మీద చూపించావు. సొంత మనిషి మీద జాలి ఉన్న కచో ఎవరైనా ఆ ఫైలు పక్కన పెడతాడు. రేపే వెళ్లి మాట్లాడు. చేతిలో ఏదైనా పట్టుకెళ్లు, ఊరెళ్లి వస్తే తెచ్చే ఒమియగే లాంటిది. ఒక్కొక్కటి విడిగా ప్యాక్ చేసిన బిస్కెట్లు అయితే అందరికీ పంచొచ్చు.

ఫుకువోకా ఫణి (ఫుకువోకా)

థ్రెడ్ మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మా టీమ్‌లో ఒకాయన పెళ్లికి పిలిచాడు. డబ్బులు కవర్లో పెట్టాలంటున్నారు. ఎంత పెట్టాలి? మనలాగా 1116 లెక్క ఏమైనా ఉందా?

అడ్మిన్

ఫణి గారూ, దీనికి వేరే థ్రెడ్ తెరిస్తే బాగుండేది. సరే, అడిగారు కాబట్టి ఎవరైనా చెప్పేయండి.

ఒసాకా వదిన

ఉంది, మన చదివింపుల్లాగే దానికీ పెద్ద శాస్త్రం ఉంది. సహోద్యోగి, స్నేహితుడు అయితే మామూలుగా 30,000 యెన్‌లు. 20,000 పెట్టొద్దంటారు, రెండుగా విడిపోతుందని. 40,000 అసలే వద్దు, నాలుగు అంటే చావుని గుర్తుచేస్తుంది. కొత్త నోట్లు కావాలి, బ్యాంకులో మార్చుకోండి. అంత్యక్రియలకైతే దీనికి తిరగబడి, మరీ కొత్త నోట్లు పెట్టకూడదు. చావు కోసం ముందే సిద్ధంగా ఉన్నట్టు ఉంటుందని.

కవరు మీది తాడు ముడి చూసి కొనండి. పెళ్లికి విప్పరాని ముడి ఉండాలి. సీతాకోకచిలుక రెక్కల్లా ఉండే ముడి పుట్టిన పిల్లలకి, అలాంటి మళ్లీ మళ్లీ రావాల్సిన శుభాలకి. లోపలి కవరు మీద ఎంత డబ్బు పెట్టారో రాయాలి, బయట కింది సగంలో మీ పేరు. కన్వీనియన్స్ స్టోర్‌లోనూ, వందయెన్‌ల షాపులోనూ కవర్లు దొరుకుతాయి.

2024 జులైలో కొత్త నోట్లు వచ్చినప్పుడు ఇంకో గొడవ. పదివేల నోటు మీద షిబుసావా ఎయిచి బొమ్మ. జపాన్‌లో ఎన్నో వందల కంపెనీలకు పునాది వేసిన పెద్దమనిషి, కానీ ఆడవాళ్ల విషయంలో మంచి పేరు లేదు, పెళ్లికి ఆ నోటు పనికిరాదని సోషల్ మీడియాలో కొందరు మొదలుపెట్టారు. ఎక్కువమంది నవ్వి వదిలేశారు. మీరూ వదిలేయండి.

కాకినాడ కాజా

ముప్పై వేల యెన్‌లా! రూపాయల్లో లెక్కేసుకుంటే గుండె ఆగింది. భోజనమైనా బాగుంటుందా?

ఒసాకా వదిన

బాగుంటుంది, వెళ్లేటప్పుడు బహుమతి సంచి కూడా ఇస్తారు. శాకాహారి అయితే మాత్రం ముందే చెప్పండి. సూప్‌లో కూరగాయలే కనిపిస్తాయి, కానీ అడుగున చేపతో చేసిన దాషి ఉంటుంది. "మాంసం తినను" అంటే సరిపోదు, "చేప రసం కూడా వద్దు" అని విడిగా చెప్పాలి.

గుంటూరు గిరి (గుంటూరు)

నేనూ ఒకటి అడిగేస్తా. ఏప్రిల్‌లో జాయిన్ అవుతున్నా, ఆఫర్ లెటర్ వచ్చింది. చేతికి వచ్చే జీతం గురించి ఏమైనా జాగ్రత్తలు?

వరంగల్ వాసు

మొదటి ఏడాది చేతికొచ్చే జీతం చూసి ఈఎంఐలు పెట్టుకోకు. స్థానిక పన్ను (జూమిన్‌జెయి) కిందటేడాది ఆదాయం మీద పడుతది, సుమారు 10 శాతం. మొదటేడు ఇక్కడ కిందటేడు ఆదాయం ఉండదు కాబట్టి కట్ కాదు. రెండో ఏడు జూన్ నుంచి మొదలైతది. చాలామంది అప్పుడు జీతం తగ్గిందనుకుని హెచ్‌ఆర్ దగ్గరికి ఉరుకుతరు.

మిగతాది కొత్త థ్రెడ్‌ల అడుగు, అడ్మిన్ అన్న గుర్రుగా చూస్తున్నడు.

గోదారిగట్టు

అప్‌డేట్ ఇస్తున్నా. కాస్త పెద్దదే.

ఆవిడతో మాట్లాడాను. డెమో గురించి ఎత్తలేదు, "మీరు ఈ రిపోర్టు ఎలా చేస్తారో పక్కన కూర్చుని చూడొచ్చా" అన్నాను. నెలాఖరు సాయంత్రం కూర్చోబెట్టుకున్నారు. ఒక బ్రాంచి నుంచి వచ్చే ఫైల్లో కొన్ని కోడ్‌లు పాతవి, వాటిని ఆవిడ కళ్లతో పట్టుకుని, ఆ బ్రాంచికి ఫోన్ చేసి అడిగి, సరిదిద్దుతారు. ఇది ఎక్కడా రాసి లేదు. నా టూల్ అయితే ఆ వరుసల్ని మౌనంగా కలిపేసేది. ఇంకోటి, చివరి షీటు ఆకృతి అలాగే ఉండాలని అకౌంట్స్‌వాళ్లు అడిగారట, ఆడిటర్లకి అదే ఇస్తారు కాబట్టి.

తర్వాత అకౌంట్స్‌లో ఒకరిని కలిశాను. మా సీనియర్ షునిన్‌ని (కచో కింద ఉండే సీనియర్ ఉద్యోగి) కలిశాను. టూల్ మార్చాను: అనుమానంగా ఉన్న వరుసల్ని ఎర్రగా చూపిస్తుంది, నిర్ణయం ఆవిడదే. చివరి షీటు పాతదిలాగే వస్తుంది. ఇంతా అయ్యాక కచోకి చెప్పడానికి వెళ్తే ఆయనకి అప్పటికే తెలుసు! షునిన్ చెప్పారట. నవ్వి, "అయితే రింగి రాయండి" అన్నారు.

ఇక్కడ ఇంకో మెలిక. రింగి నా పేరు మీద కాదు, షునిన్ పేరు మీద వెళ్లాలట. "ఆయన పేరుతో అయితే త్వరగా కదులుతుంది" అన్నారు. రాసేది నేనే, ప్రతిపాదించినది ఆయన. ఏమనాలో తెలియక సరే అన్నా. ఇంటికొచ్చాక ఒళ్లు మండింది.

నిషికసాయ్ నాని

భలే! సగం పనైపోయినట్టే. పేరు సంగతి వదిలేయ్ బ్రో, మొదటిసారి అంతే. రెండోసారి నీ పేరు ఉంటుంది.

ఒసాకా వదిన

ఎందుకు వదిలేయాలి? "మొదటిసారి అంతే" అని ఎవరు రాసిచ్చారు నాని గారూ? కష్టపడినది అతను.

పాతకాపు

అమ్మా, షునిన్ పేరు పెట్టడంలో ఇంకో సంగతి ఉంది. అది తప్పయితే తలొంచాల్సింది కూడా షునినే. కొత్తవాడి మీద ఆ బరువు పెట్టకుండా తన మీద వేసుకుంటున్నాడు. మా కాలంలో రింగి కాగితం మీద చిన్నవాళ్లు ముద్ర కాస్త వంచి వేసేవాళ్లు, పక్కనున్న పెద్దాయన ముద్రకి నమస్కారం పెడుతున్నట్టు! అన్ని ఆఫీసుల్లో కాదు గానీ నేను చూశాను.

ఒసాకా వదిన

ఆ ముద్రల కథలు వినడానికి బాగుంటాయి బాబాయ్ గారూ. 2020లో కోనో తారో మంత్రిగా ఉండి ప్రభుత్వ పనుల్లో దాదాపు 15,000 చోట్ల ముద్ర అవసరమా అని లెక్క తీయిస్తే, నూటికి తొంభైతొమ్మిది పైగా అక్కర్లేదని తేలింది. వంగిన ముద్రలతో సహా 😀

గోదారిగట్టూ, గొడవ పెట్టుకోమని అనను. ఒక పని చెయ్యి. అర్ధసంవత్సరానికోసారి లక్ష్యాల షీటు నింపిస్తారు కదా, తర్వాత కచోతో మెన్‌సెత్సు (ముఖాముఖి) ఉంటుంది. అందులో ఈ పని మొత్తం రాయి: ఎవరెవరితో మాట్లాడావు, ఏం మార్చావు, నెలకి ఎన్ని గంటలు మిగులుతుంది. "నేనొక్కడినే చేశాను" అనకు, "షునిన్‌తో కలిసి" అను. మీ ఇద్దరి మధ్య నడిచిన మెయిల్స్ దాచుకో. జీతం పెంచేది ఆ షీటు చూసి, రింగి మీద పేరు చూసి కాదు.

గోదారిగట్టు

ఇది చేయగలను అక్కా. షీటు గడువు సెప్టెంబరు చివర. మెయిల్స్ ఉన్నాయి, డిజైన్ డాక్యుమెంట్ రివిజన్లలో కూడా నా పేరే ఉంది.

నాని అన్నా, రింగి నిన్న వర్క్‌ఫ్లోలో పెట్టారు. కచో క్లిక్ చేసేశారు. అకౌంట్స్ దగ్గర ఆగింది. ఎప్పుడు గుర్తుచేయొచ్చు?

నిషికసాయ్ నాని

నెల మొదటి వారం మాత్రం ఆ ఛాయలకి పోకు, వాళ్లకి క్లోజింగ్ ఉంటుంది, తల ఎత్తరు. రెండో వారం మంగళవారమో బుధవారమో చూసి వెళ్లు. "రింగి ఏమైంది" అని అడగకు. "ఇంకేమైనా కాగితాలు కావాలా" అని అడుగు. నువ్వు వెళ్లేకన్నా ఆ ఎక్సెల్ ఆవిడ ఒక ఫోన్ కొడితే ఇంకా తొందరగా అవుతుంది, అన్నేళ్లుగా అకౌంట్స్‌తో మాట్లాడుతున్నది ఆవిడే కదా.